రుచి చూసి జాబు రాయి

ఫ్యాక్టరీ వెనక వీధి, మేడ మీద గది
జూన్ 4

అక్కకి,

ఈ ఉత్తరంతోపాటు ఒక అట్టపెట్టె కూడా అంది ఉంటుంది. అందులో పాత గుడ్డల మధ్య మూడు సీసాలున్నాయి. అవి మందు సీసాలే గానీ లోపల ఉన్నది మందు కాదు, నా సాసు. సీసాలు వేణ్ణీళ్ళతో కడిగాను, భయపడకు. ఒకటి, రెండు, మూడు అని కాగితాలు అంటించాను. ఒక్కోటీ ఒక చెంచాడు నాలుక మీద వేసుకుని, తీపెంత, పులుపెంత, కారమెంత, ఉప్పు సరిపోయిందా లేదా, అన్నీ రాసి పంపు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మంచినీళ్ళు తాగు.

ఎందుకని అడుగుతావు. మా క్యాంటీనులో వేపుళ్ళు నంజుకోవడానికి పదహారేళ్ళుగా నా సాసే పెడుతున్నారు. ఇంట్లో చేసి రెండు డబ్బాల్లో మోసుకెళ్తానని నీకు తెలుసుగా. ఇప్పుడొక కొత్త మేనేజరు వచ్చాడు. "ఇంట్లో చేసిన సాసేమిటండీ, ప్యాకెట్లు తెప్పిద్దాం, చింపి ఇచ్చేస్తే సరి" అంటాడు. పనివాళ్ళు గోల చేశారు. సరే, జులై ఇరవయ్యో తారీఖున రెండూ పక్కపక్కన పెట్టి తినిపిద్దాం, ఎక్కువమంది దేనికి చేయెత్తితే అదే ఉంటుంది అన్నాడు. ప్యాకెట్లు నెగ్గాయంటే నన్ను పొయ్యి దగ్గర్నుంచి లేపి గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నిలబెడతారు. అందుకని ఈలోగా చిన్న చిన్న మార్పులు చేసి చూస్తున్నాను. అంతే. ఇంకే కారణమూ లేదు.

నీకే ఎందుకు పంపుతున్నానంటే, నీ నాలుకకి రుచీ పచీ తెలియకపోయినా అబద్ధమాడటం మాత్రం తెలియదు. పక్కింటివాళ్ళ పసిపిల్లని చూసి "ముక్కు కొంచెం సర్దుకుంటుందిలెండి" అన్నదానివి.

బావకి మాత్రం తెలియకూడదు. అందుకే ఫోను చెయ్యకుండా నీ స్కూలు అడ్రసుకి రాస్తున్నాను. ఆరేళ్ళ క్రితం మీ అమ్మాయి పుట్టినరోజున, నలభైమంది మధ్యలో ఆయన నా సాసు వేలితో నాకి, తన రంగుల షాపులో నిలబడ్డట్టు, "ఇది పెయింటయితే కంపెనీకి వెనక్కి పంపేవాణ్ణి" అన్న మాట నేను మరిచిపోలేదు. ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. సగం నా ప్యాంటే తాగింది. అప్పట్నుంచి ఆయనకీ నాకూ మాటల్లేవు, ఇకమీదట కూడా అక్కర్లేదు.

రుచి చూసి వెంటనే జాబు రాయి.

తమ్ముడు


హైస్కూలు, ఆటసామాన్ల గది
జూన్ 11

ఒరేయ్ తమ్ముడూ,

నీ పెట్టె అందింది. అందిన తీరు చెప్తాను విను. దాన్ని మా ప్యూను నెత్తిమీద పెట్టుకుని తెచ్చాడు. దార్లో రెండో సీసా మూత ఊడింది. వాడు స్టాఫురూము గుమ్మంలోకి వచ్చేసరికి నుదుటి మీంచి ముక్కు దాకా చిక్కగా ఎర్రటి ధార. లెక్కల టీచరు కెవ్వుమంది. హెడ్మిస్ట్రెసు మందుల పెట్టె తెమ్మని నన్ను కేకేశారు, డ్రిల్లు టీచరుని కదా, దెబ్బలన్నీ నా శాఖే. నేను దగ్గరికి వెళ్ళి వాసన చూసి, వేలితో వాడి నుదురు తుడిచి నాలుక మీద పెట్టుకున్నాను. లెక్కల టీచరు కుర్చీలో కూలబడిపోయింది. ఇప్పటికీ నా పక్కన కూర్చుని అన్నం తినడం లేదు.

మిగిలినదానితో పని కానిచ్చాం. కానిచ్చాను.

ఒకటో సీసా: పులుపు ఒక మెట్టు ముదురు. తీపి అడుక్కి దిగిపోయింది, పైకి తేలాలి. కారం సరిగ్గా ఉంది, కానీ ఆలస్యంగా వస్తోంది.

రెండో సీసా: మూడింట్లోకీ ఇదే దగ్గర. ఉప్పు అర చిటికెడు తగ్గించాలి. వెల్లుల్లి పచ్చిగా ఉండిపోయింది.

మూడో సీసా: పూత పలచన. నాలుక మీద నిలవకుండా జారిపోతోంది. సన్నసెగ మీద ఇంకో పది నిమిషాలు ఉండాలి.

చూశావా, ఎంత వివరంగా రాశానో? అన్నీ నేనే రుచి చూశాను, నేనే రాశాను, ఇందులో ఇంకెవరి ప్రమేయమూ లేదు.

ఏప్రిల్లో పది రోజులు జ్వరమన్నావు. పూర్తిగా తగ్గిందా? ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదేం?

అక్క


మేడ మీద గది
జూన్ 17

అక్కకి,

జ్వరం ఏనాడో తగ్గింది. గుండ్రాయిలా ఉన్నాను.

నీ రిపోర్టు మూడుసార్లు చదివాను. నువ్వింత పనిమంతురాలివని నాకిన్నాళ్ళూ తెలియలేదు. కాఫీలో ఉప్పు పడినా తాగేసి "ఈ రోజు కొంచెం తేడాగా ఉందే" అన్న మనిషివి, వెల్లుల్లి పచ్చిదనం పట్టుకున్నావంటే ఆశ్చర్యమేసింది. వయసుతోపాటు నాలుక కూడా ముదురుతుంది కాబోలు.

నాలుగు, ఐదు, ఆరు పంపుతున్నాను. మూతలకి మైనం పూశాను, మీ ప్యూనుకి చెప్పు. అన్నీ ఒకటే పద్ధతి: చింతపండు నానబెట్టి చిక్కగా పిసికి వడకట్టడం, బెల్లం కరిగించడం, ఎండుమిరపకాయలు గింజలు దులిపి వేణ్ణీళ్ళలో ఉబ్బనిచ్చి వెల్లుల్లితో మెత్తగా రుబ్బడం, అన్నీ కలిపి దగ్గరపడేదాకా కలియబెట్టడం. ఇవి కాక ఇంకొకటి పడుతుంది. అది నీకు కూడా చెప్పను. పదహారేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

ఆరో సీసా ప్రత్యేకంగా చూడు. దానికి ఉప్పు వెయ్యగానే పాలు పొంగినట్టు బుసబుసా నురగ వచ్చి పొయ్యి మీదికంతా పోయింది. చింతపండు కొత్తదేమో. చూడ్డానికి మాత్రం భలేగా ఉంది. నురగ పద్ధతి అని పేరు పెడదామనుకుంటున్నాను.

తమ్ముడు


ఆటసామాన్ల గది
జూన్ 24

ఒరేయ్,

నాలుగు, ఐదు సంగతి తరవాత. ముందు ఆరు.

నువ్వు వేసింది ఉప్పు కాదురా, సోడా ఉప్పు. పులుపంతా చచ్చి ఊరుకుంది. సబ్బు నీళ్ళలో బెల్లం కలిపితే ఎలా ఉంటుందో అలా ఉందట. చెంచాడు నోట్లో వేసుకున్న మనిషి లేచి వెళ్ళి కుళాయి కింద నోరు పెట్టి అరగంట దాకా రాలేదు. ఆ మనిషి నేనే అనుకో.

నువ్వు చేసేటప్పుడే పదిసార్లు రుచి చూసేవాడివి. చిన్నప్పుడు అమ్మ "వీడు రుచి చూస్తుంటే వడ్డించడానికి మిగలదు" అని కసిరేది. ఇంత సోడా ఉప్పు పడితే నీకు తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసి అక్కకి పంపేంత దుర్మార్గుడివి కాదు. అంటే తెలియలేదు.

మూడు రోజుల నుంచి బంతుల సంచి మీద కూర్చుని ఇదే ఆలోచిస్తున్నాను. పిల్లలకి కుడి అనబోయి ఎడమ అని, ఆ వరసా ఈ వరసా ఢీకొట్టుకున్నాయి. నీకు రుచి తెలియడం లేదు కదూ? ఏప్రిల్ జ్వరం నుంచేనా?

నిజం చెప్పు. లేకపోతే మొదటి బస్సుకి వచ్చి నీ మేడ మెట్ల మీద ఈల వేస్తాను.

అక్క


మేడ మీద గది
జూన్ 29

అక్కకి,

ఈల వద్దు. ఇంటివాళ్ళకి గుండె జబ్బు.

నిజమే. జ్వరం తగ్గిన మర్నాడు కాఫీ కలుపుకుని తాగితే వేణ్ణీళ్ళలా ఉంది. డికాషను తక్కువైందనుకుని ఇంకాస్త పోశాను. నల్లగా అయింది గానీ కాఫీ కాలేదు. తరవాత పాలు పొయ్యి మీద పెట్టి కిటికీ దగ్గర పేపరు చదువుకుంటున్నాను. కింది ఇంటావిడ తలుపు బాదుతూ, "ఇల్లు తగలబడుతోందా ఏమిటయ్యా!" అంటోంది. తలుపు తీసి వెనక్కి తిరిగితే గదంతా పొగ. పాలు మాడి గిన్నె అడుగుకి పట్టేశాయి. నేను ఆ వాసన మధ్యలోనే కూర్చుని క్రికెట్ స్కోరు చదువుతున్నాను.

ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ముక్కులో లైటు వేసి చూసి, "కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు, కొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు. కారం ఒక్కటే తెలుస్తోంది, అది కూడా నాలుకకి కాదు, కళ్ళకి.

క్యాంటీనులో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. గరిటె ఎత్తి నాలిక్కి తగిలించి, కళ్ళు మూసుకుని తల ఊపుతాను. పదహారేళ్ళుగా చూస్తున్నారు కాబట్టి నమ్ముతున్నారు. కానీ సాసు గిన్నెల్లో మిగిలిపోతోంది. లేతు మిషను మీద పనిచేసే పెద్దావిడ ఒకామె ఉంది. మొన్న ఆమె నా దగ్గరికొచ్చి, "ఇంట్లో అందరూ బావున్నారా నాయనా?" అని అడిగింది. సాసు తిని నా ఇంటి సంగతులు కనుక్కుంటోందంటే ఎంత చెడగొట్టానో చూడు. వంటవాడికి రుచి లేదని తెలిస్తే ఇరవయ్యో తారీఖు దాకా కూడా ఆగరు.

ఇప్పుడు నీ సంగతి. "ఒక మెట్టు ముదురు" అనీ "పూత పలచన" అనీ ఎవరంటారు? డ్రిల్లు టీచర్లు అనరు. రోజంతా డబ్బా రంగుల్లో చుక్కలు కలిపి గోడ రంగుకి గోడ రంగు జత చేసేవాళ్ళు అంటారు. రెండో ఉత్తరంలో "సబ్బు నీళ్ళలా ఉందట" అని రాశావు. ఎవరికట?

నేను నీకు చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి? ఇంక సీసాలు పంపను.

తమ్ముడు


ఇల్లు, వంటగది గట్టు మీద
జులై 3

తమ్ముడూ,

చివరి మాట కొట్టేశాను, నేను చదవలేదు, నువ్వు రాయలేదు.

అవును, మీ బావే. నాకు చింతపండుకీ నిమ్మకాయకీ తేడా రంగు చూస్తే గానీ తెలియదని నీకూ తెలుసు, అయినా నన్నే అడిగావు. మొదటి రోజు నేను నిజంగానే కూర్చుని మూడూ నాకాను. మూడూ ఒకేలా ఉన్నాయి. ఏం రాయాలో తోచక పెన్ను నములుతుంటే ఆయన షాపు నుంచి వచ్చారు. సీసాలు చూశారు. ఎవరివని అడగలేదు. రంగు కలిపే పుల్ల ఒకటి కడిగి, ముంచి, నాలిక్కి తగిలించుకుని, "మీ తమ్ముడికి ఒంట్లో బాగాలేదా?" అన్నారు. నేను ఒక్కమాట కూడా చెప్పలేదురా, ఒట్టు. నీ నాలుకకి రుచి పోయిందని నాకంటే రెండు వారాల ముందే ఆయనకి అర్థమైంది. నాకు చెబితే నీ చెవిన పడి నీకు కోపమొస్తుందని పైకి అనలేదట.

ఇంకోటి చెప్తాను, నేను చెప్పానని ఆయనకి తెలియనివ్వకు. ఆయన షాపు వెనక గదిలో అలమర ఉంది కదా, దానికి తాళమెందుకని నేనెప్పుడూ అడగలేదు. పోయిన ఆదివారం నాకు తీసి చూపించారు. లోపల ఇరవై మూడు జాడీలు. అన్నిటికీ తేదీలు. ఆరేళ్ళుగా నీ సాసుకి జత కలుపుతున్నారట! గోడ మీది రంగు ముక్క గీరి తెస్తే దానికి జత చేస్తారు చూడు, అలాగ. కొలతకి ముక్క లేదు, జ్ఞాపకమే. "అన్నీ దొరికాయి, ఒకటి దొరకలేదు, ఏదో కాలిన తీపి ఉంది దాంట్లో" అన్నారు. కాఫీ పొడి వేశారట. చక్కెర మాడ్చి వేశారట. ఒక జాడీలో అగ్గిపుల్ల వెలిగించి ముంచారట. ముప్పై ఏళ్ళ కాపురంలో నాకు చీర రంగు కూడా ఇంత శ్రద్ధగా చూసి తేలేదు.

ఆయన కూడా ఏదో రాసి ఈ కవరులోనే పెడుతున్నారు. నాకు చూపించలేదు. చూడకుండా అంటించాను. నా జన్మలో నేను చేసిన కష్టమైన పని ఇదే.

అక్క


రంగుల షాపు
జులై 3

బావమరిదికి,

ఆ రోజు పులుపు ఎక్కువైన మాట నిజం. దాన్ని నలుగురిలో అనడం నా తప్పు. ఈ రెండో వాక్యం రాయడానికి ఆరేళ్ళు పట్టింది. చాలాసార్లు కలిపి చూశాను, కుదరలేదు.

నీ ఐదో సీసా బాగుంది. నాలుక లేకుండా చెయ్యి ఒక్కదానితో అంత దగ్గరికి వచ్చావంటే, నీ చెయ్యి మామూలుది కాదు. మిగిలింది రెండు చుక్కల పని. ఆ పని ఉత్తరాల్లో అవదు. నువ్వు కలిపి, నేను చూసి, నువ్వు మళ్ళీ కలపాలి.

షాపుకి వారం రోజులు సెలవు పెట్టగలను. రమ్మంటే వస్తాను. వద్దంటే సీసాలు పంపు, చూసి రాస్తాను.

ఆ కాలిన తీపి ఏమిటో చెప్పనక్కర్లేదు.

బావ


మేడ మీద గది
జులై 8

బావగారికి,

ఆ రోజు పులుపు ఎక్కువైందని నాకు బస్సులోనే తెలిసింది. ప్యాంటు తుడుచుకుంటూ వేలు నాకాను. ఆ స్టాపులోనే దిగి వెనక్కి వద్దామనుకున్నాను. ఒళ్ళో గిన్నెతో, ఎర్రటి ప్యాంటుతో ఎలా వస్తాను? తరవాత రోజులు గడిచేకొద్దీ ఇంకా కష్టమైపోయింది.

పదహారో తారీఖుకి రండి. నా గదిలో మంచం ఒకటే. మీరు దానిమీద పడుకోండి, నేను చాప వేసుకుంటాను. అక్క దగ్గర నుంచి ఆ ఈల మాత్రం తేవద్దు.

మీ బావమరిది


ఇల్లు
జులై 15

ఒరేయ్,

మీ బావ రేపు ఉదయం బస్సుకి బయల్దేరుతున్నారు. సంచీలో రెండు జతల బట్టలు, పదకొండు జాడీలు, కట్ట నిండా పుల్లలు. దువ్వెన మరిచిపోయారు. పళ్ళు తోముకునే బ్రష్షు నేను పెట్టాను. వారం నుంచి ఇంట్లో కారం ముట్టుకోవడం లేదు, నాలుక తెల్లగోడలా ఉంచుకోవాలట. నేను చేసిన కూర తిని "ఇది పర్లేదు, దీనివల్ల నాలిక్కి ఏమీ కాదు" అన్నారు. మెచ్చుకున్నారనుకుని వడ్డించాను. చెయ్యి కడుక్కునేటప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

మీరిద్దరూ కొట్టుకుంటే నాకు రాయండి. కొట్టుకోకపోతే ఇంకా వివరంగా రాయండి.

అక్క


మేడ మీద గది
జులై 24

అక్కకి,

బావ ఈపాటికి ఇంటికి చేరి ఉంటారు. ఆయన నీకు నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకుంటారని తెలుసు, అందుకని అంతా నేనే రాస్తున్నాను.

వచ్చిన మొదటి గంటలో ఆయన అన్నది "మంచినీళ్ళెక్కడ?" ఒక్కటే. నేనన్నది "అక్కడ" ఒక్కటే. తరవాత నేను పొయ్యి వెలిగించి, ఉల్లిపాయ ఒకటి తొక్కతోసహా మంట మీద పెట్టాను. ఆయన మర్యాదగా కిటికీ వైపు తిరిగారు. "చూడండి, ఫరవాలేదు" అన్నాను. ఉల్లిపాయ నల్లగా బొగ్గయ్యేదాకా కాల్చి, పైపొర వలిచి, లోపల మెత్తగా తేనెలా అయిన గుజ్జు తీసి మిరపకాయలతో రుబ్బాను. బావ మంచం మీద నుంచి లేచారు.

"ఉల్లిపాయా?"

"ఉల్లిపాయే."

"ఆరేళ్ళు... అగ్గిపుల్లలు ముంచాను నేను! ఉల్లిపాయా!"

ఒక జాడీ తీసి మూత విప్పి, దాని తేదీ చూసి, నా తొట్టిలో పారబోశారు. అలా పదకొండూ పారబోశారు. తొట్టి మూసుకుపోయి కింది ఇంటావిడ మళ్ళీ తలుపు బాదింది.

మూడు రోజులూ పనిచేశాం. నేను కలపడం, ఆయన పుల్ల ముంచి చూడటం. "బెల్లం ఇంకో గోరంత." "గోరంటే ఎంతండీ, మీ గోరా నా గోరా?" "తక్కెడ తే." బెల్లం, చింతపండు, ఉప్పు, నీళ్ళు, మంట మీద ఉంచిన నిమిషాలు, అన్నీ తూచి, కొలిచి, రాసుకున్నాం. పదహారేళ్ళలో ఈ సాసు కాగితం మీదికి ఎక్కడం ఇదే మొదలు. కొట్టుకున్నామా అంటే, వెల్లుల్లి దగ్గర ఒకసారి గరిటె విసిరాను. గోడకి విసిరాను. ఆయన మరక చూసి, "రంగు కుదిరింది" అన్నారు.

ఇరవయ్యో తారీఖు. భోజనాల హాల్లో రెండు బల్లలు వేశారు. ఒకదాని మీద ప్యాకెట్ల సాసు, ఒకదాని మీద నాది, మధ్యలో బంగాళాదుంప వేపుళ్ళు. అందరూ ముంచుకుని తింటున్నారు. చేతులెత్తే ముందు మేనేజరు నా వైపు తిరిగి, "వంటాయనా, మీరు పెద్దవారు. మీరే రెండూ రుచి చూసి తేడా ఏమిటో అందరికీ చెప్పండి" అన్నాడు. పాపం, మర్యాదకే అన్నాడు.

నేను ఒక ముక్క తీసుకుని ప్యాకెట్ల సాసులో ముంచాను. ఇంకో ముక్క నాదాంట్లో ముంచాను. రెండూ తడిసిన అట్టముక్కల్లా ఉన్నాయి. కళ్ళు మూసుకుని తల ఊపితే సరిపోయేది. మూడు నెలలుగా చేస్తున్నదే. వంటింటి గుమ్మంలో బావ నిలబడి ఉన్నారు. ఆయన్ని చూశాక తల ఊపబుద్ధి కాలేదు.

"నాకు రుచి తెలియదండీ. ఏప్రిల్లో జ్వరం వచ్చింది, దాంతోపాటే పోయింది" అన్నాను.

ముందు వరసలో ఒకడు ముంచిన ముక్క మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"మరి ఇది ఎవరు చేశారు?" అన్నాడు మేనేజరు.

"నేనే. చెయ్యి నాది. నాలుక మా బావది. అదుగో, అక్కడున్నారు."

అందరూ అటు తిరిగారు. బావ ఏం చెయ్యాలో తోచక పుల్ల పైకెత్తి చూపించారు.

మేనేజరు, "రుచి తెలియని మనిషి వంటవాడిగా ఎలాగండీ..." అని నసుగుతున్నాడు. వెనక నుంచి లేతు మిషను పెద్దావిడ లేచింది. "నాకు ఎడమ చెవి పన్నెండేళ్ళుగా వినపడదు. మిషను నడపట్లేదూ? మోత తేడా వస్తే పక్కనున్న అమ్మాయి నా భుజం తడుతుంది. ఈయన భుజం కూడా ఎవరో ఒకరు తడతారు. ముందు చేతులు లెక్కపెట్టండి, వేపుళ్ళు చల్లారిపోతున్నాయి" అంది.

ప్యాకెట్లకి తొంభై ఎనిమిది. నాకు నూట ముప్పై ఒకటి. మేనేజరు రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆ తరవాత బల్ల దగ్గరికి వచ్చి, ఎవరూ చూడటం లేదనుకుని నాలుగు ముక్కలు తిన్నాడు. నాదాంట్లోనే ముంచి.

ఉద్యోగం ఉంది. రెండు షరతులు పెట్టాడు. రోజూ పొద్దున ఇంకొకరు రుచి చూసి సంతకం పెట్టాలి. కొలతల కాగితం వంటింటి గోడకి అంటించాలి, ఉల్లిపాయతోసహా. మొదటిదానికి వెంటనే సరేనన్నాను. రెండోదానికి ఒక రోజు గడువడిగాను. ఆ సాయంత్రమంతా కాగితం చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. బావ మైదాపిండి ఉడికించి జిగురు కలిపి, బ్రష్షు నా పక్కన పెట్టి పడుకున్నారు. పొద్దున్నే వెళ్ళి అంటించాను.

మొదట పెద్దావిడ వచ్చి చదివింది. "ఉల్లిపాయా!" అని, మా ఇంటికొకటి రాసివ్వు నాయనా అంది. రాసిచ్చాను. ఆమె వెనక పెయింటింగు సెక్షన్ వాళ్ళు ముగ్గురు. మధ్యాహ్నానికి గేటు దగ్గరి కాపలాదారు. నిన్న మేనేజరు, "మా ఇంట్లో అడుగుతున్నారు" అని తల వంచుకుని వచ్చాడు. మూడు రోజుల్లో నలభై ఒక్క కాగితాలు రాశాను. పదహారేళ్ళు నోరు కట్టుకుని కాపాడిన సంగతి, ఇప్పుడు వేళ్ళు నొప్పెట్టేదాకా రాస్తున్నాను. రుచి రాలేదు. రోజూ పొద్దున కాఫీతో పరీక్ష పెట్టుకుంటున్నాను, వేణ్ణీళ్ళే. అయినా నిన్న నలుగురు నన్ను దారిలో ఆపి, వాళ్ళింట్లో ఎలా కుదిరిందో చెప్పారు. నాకది తిన్నట్టే ఉంది.

నలభై రెండోది ఈ కవరులో నీకు పెడుతున్నాను. అక్కవి కదా, ఇవ్వకపోతే బాగోదు. చక్కగా మడిచి దాచుకో. చెయ్యాలని బుద్ధి పుడితే మాత్రం పొయ్యి వెలిగించకు, బావ షాపు నుంచి వచ్చేదాకా ఆగు.

తమ్ముడు